పదకొండో వరుస

ఆ రోజు సాయంత్రం ఆరింటికి యూనివర్సిటీ సీట్ల సైటు మూసేస్తారు. మా వీధికి నాలుగింటికే కరెంటు పోతుంది, పోయిన కాసేపటికి ఫోను టవరూ పడిపోతుంది. వేసవిలో సబ్జేవార్‌లో ఏ వీధికి ఎన్నింటికి కరెంటు తీస్తారో పొద్దున్నే ఫోనుకి కబురొస్తుంది. తీయడం మాత్రం చెప్పిన నిమిషానికి తీస్తారు, ఇవ్వడం వాళ్ళ దయ. కాబట్టి నా లెక్కలో గడువు నాలుగే. ఆ మాటే పెద్ద అక్షరాలతో రాసి తలుపుకి అంటించాను. అయినా లోపలికొచ్చిన ప్రతివాళ్ళూ "ఆరు దాకా ఉందిగా మలీహె ఖానుమ్" అన్నవాళ్ళే.

నాది నెట్ సెంటరు. పదహారేళ్ళుగా ఇదే పని. మాస్టర్స్ ప్రవేశపరీక్ష ర్యాంకులు వచ్చాక వారం రోజులు నాకు తల గోక్కునే తీరిక ఉండదు. ర్యాంకు వచ్చినవాళ్ళు ఏ ఊళ్ళో ఏ కోర్సు కావాలో ఒకదాని కింద ఒకటి కోడ్ నంబర్లు నింపాలి. ఏ కోర్సు పోయినేడు ఎన్నో ర్యాంకు దగ్గర ఆగిందో నా నోటుబుక్కులో ఉంటుంది. అడిగితే చెబుతాను. ఏం పెట్టుకోమంటారని అడిగితే మాత్రం చెప్పను. గాజు బల్ల మీద మోచేతులు ఆనించకూడదు, నన్ను సలహా అడగకూడదు. నా కొట్లో నియమాలు ఈ రెండే. జనం రెండూ పాటించరు.

పదకొండింటికి ఎష్రత్ ఖానుమ్ కూతురు ఫరంగీస్‌ని వెంటబెట్టుకుని వచ్చింది. మా వీధి చివర రొట్టెల కొట్టు పక్కిల్లు వాళ్ళది. ఇంటాయన ట్రెయిలర్ తోలుతూ నెలకి రెండు రోజులు కనిపిస్తాడు. ఆవిడకి ఈ పిల్ల ఒక్కతే. ఇరవై ఏడేళ్ళుంటాయి. క్లినికల్ సైకాలజీ కోసం ఇది మూడోసారి రాయడం. పోయినేడు ఉన్న కిండర్‌గార్టెన్ ఉద్యోగం కూడా మానేసి ఇంట్లో కూర్చుని చదివింది. కూర్చుని కూర్చుని పిల్ల రంగు మారిపోయింది. చున్నీ ముందు అంచు కింద జుట్టు పలచబడి మాడు కనిపిస్తోంది.

పది వరుసలు నింపాం. అన్నీ మషాద్, టెహ్రాన్, ఆ చుట్టుపక్కలవి. ర్యాంకు రెండువందల అరవై ఎనిమిది. మషాద్ పోయినేడు నూట తొంభై దగ్గర ఆగింది. ఆ పదింటిలో ఏదీ రాదని నాకు తెలుసు, వాళ్ళకీ తెలుసు.

"పదకొండోది అహ్వాజ్ పెట్టండి" అంది ఎష్రత్ ఖానుమ్.

"వద్దు" అంది ఫరంగీస్.

"పోయినేడు అహ్వాజ్ ఎంత దగ్గర ఆగింది మలీహె?"

నోటుబుక్కు చూసి చెప్పాను. "మూడువందల పది."

"చూశావా? వచ్చేస్తుంది!"

"వచ్చేస్తుందనే వద్దంటున్నా అమ్మా!"

అసలు తగువంతా అక్కడే ఉంది. అది పగటి సీటు, అంటే ఫీజు లేని సీటు. పగటి సీటు వచ్చాక చేరినా, చేరకపోయినా, మరుసటి ఏడాది పరీక్షకి కూర్చోనివ్వరు. పదకొండో వరుస నింపితే పిల్ల పదిహేనువందల కిలోమీటర్ల దూరం పోతుంది, మళ్ళీ రాసే మాట ఉండదు. ఖాళీగా వదిలితే ఇంకో ఏడాది అదే బల్ల, అవే పుస్తకాలు.

"మొదటిసారి ఆరువందల పదకొండు" అంది ఫరంగీస్ వేళ్ళు మడుస్తూ. "రెండోసారి నాలుగువందల రెండు. ఇప్పుడు రెండువందల అరవై ఎనిమిది. ఇంకొక్కసారి, ఒకే ఒక్కసారి రాస్తే మషాద్ చేతికొస్తుంది. మీరే చెప్పండి మలీహె ఖానుమ్, లెక్క తప్పా?"

"మోచెయ్యి తియ్యి" అన్నాను.

"పోయినేడు కూడా ఒకే ఒక్కసారి అన్నావు కదే!" ఎష్రత్ ఖానుమ్ గొంతు లేచింది. "పొద్దున్నే నీ దిండు మీది వెంట్రుకలు ఏరేది నేను. నీకు కనబడకుండా ఏరి పారేస్తున్నా."

"ఎవరు ఏరమన్నారు?"

"ఎవరూ అనలేదు తల్లీ. అమ్మనయ్యాను, ఏరుతున్నా."

వెనకాల వరసలో నలుగురున్నారు. అందరూ ఫోన్లు చూస్తున్నట్టు నటిస్తూ చెవులు ఇటే వేశారు. నాకు తిక్క రేగింది. "ఖానుమ్, ఇంట్లో తేల్చుకుని రండి. ఇది కోర్టు కాదు" అన్నాను.

ఎష్రత్ ఖానుమ్ సంచీలోంచి ఫోను తీసింది. "మసీదు హాజ్ ఆగాని అడుగుతా. ఇస్తిఖారా తీయిస్తా."

ఫరంగీస్ కళ్ళు మూసుకుంది. ఎష్రత్ ఖానుమ్ సంగతి మా వీధంతటికీ తెలుసు. ఫ్రిజ్ కొనాలన్నా ఇస్తిఖారా, పన్ను పీకించుకోవాలన్నా ఇస్తిఖారా. అడగాల్సింది మనసులోనే అనుకోవాలి, పైకి చెప్పకూడదు. అవతల ఆయన ఖురాన్ తెరిచి, వచ్చిన పుట చూసి బాగుందనో బాగోలేదనో చెబుతాడు. ఆవిడ దానికి ఎదురు వెళ్ళగా ఎవరూ చూడలేదు.

ఆవిడకి చెవి మందం, స్పీకర్ పెట్టింది. కొట్టంతా వినబడింది.

"మనసులో అనుకున్నావా చెల్లెమ్మా?"

"అనుకున్నా హాజ్ ఆగా."

కాగితాల చప్పుడైంది. ఫరంగీస్ గోళ్ళు కొరుకుతోంది.

"బాగుంది" అన్నాడాయన. "చాలా బాగుంది. మొదట కాస్త కష్టం కనబడుతోంది, చివర మేలు. వెనకాడొద్దు."

ఎష్రత్ ఖానుమ్ ఫోను పెట్టేసి చాదర్ అంచు నోట కరచుకుని కాసేపు నిలబడిపోయింది. ఆవిడ మొహంలో సంతోషం కనబడలేదు. నేనప్పుడు పట్టించుకోలేదు, సైటు ఎప్పుడు మొరాయిస్తుందో అన్నదే నా దిగులు.

"ఏమనుకున్నావు?" అడిగింది ఫరంగీస్.

"అహ్వాజ్ అనుకున్నా" అంది. తర్వాత మళ్ళీ, ఎవరో కాదంటున్నట్టు, "అహ్వాజ్ పెట్టొచ్చా అని అడిగా. బాగుందన్నాడు. విన్నావుగా" అంది.

ఫరంగీస్ నా కేసి చూసింది, తెర కేసి చూసింది. పోట్లాడే ఓపిక ఆ నిమిషంలోనే అయిపోయిందనుకుంటాను. "పెట్టండి" అంది. కోడ్ కొట్టాను. ఖాయం చేశాను. పిల్ల ఫోనుకి రసీదు నంబరు వచ్చింది. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా వెళ్ళిపోయారు. వెళ్ళాక చూస్తే ఫరంగీస్ గుర్తింపు కార్డు నా కీబోర్డు పక్కనే ఉండిపోయింది.

రెండున్నరకి కొట్లో జనం పలచబడ్డారు. రొట్టె, జున్ను తింటూ తల వంచుకున్నాను. బల్ల చివర దానాల డబ్బా దగ్గర ఏదో గీరుతున్న చప్పుడైంది. ఆ నీలం రేకు డబ్బా ఎప్పట్నుంచో అక్కడే ఉంటుంది. తాళంచెవి నా దగ్గర ఉండదు, నెలకోసారి ఒకతను వచ్చి అందులో డబ్బు తీసుకెళతాడు. తలెత్తి చూస్తే ఎష్రత్ ఖానుమ్. చేతి గాజు తీసి, దాన్ని బొటనవేళ్ళతో నొక్కి కోలగా చేసి, డబ్బా సందులోకి దూరుస్తోంది. సగం దూరి ఇరుక్కుపోయింది. లోపలికీ పోదు, బయటికీ రాదు.

"అయ్యో ఖానుమ్, బంగారం! ఏం చేస్తున్నారు?"

"నువ్వు తిండి తిను" అంది. పిండి పిసికేటప్పుడు కూడా ఆ గాజు తీయగా నేను చూడలేదు. మణికట్టు మీద తెల్లటి గీత పడి ఉంది.

"ఇంత సదఖా, ఇంత దానం ఎందుకు? పిల్లకి సీటు వస్తుందిలెండి."

"రావడానికి కాదు." ఆవిడ స్టూలు మీద కూలబడింది. "మలీహె, నేను అబద్ధం చెప్పాను."

"ఎవరితో?"

"అందరితో. అహ్వాజ్ అని అనుకోలేదు నేను. పిల్ల మళ్ళీ పరీక్షకి కూర్చోవచ్చా అని అడిగాను."

రొట్టె కింద పెట్టాను.

"బాగోలేదనే వస్తుందనుకున్నానే. ఎలాగూ అదే వస్తుంది, దాంతో పిల్ల నోరు మూతపడుతుంది అనుకున్నా. ఆయన బాగుందన్నాడు. వెనకాడొద్దు అన్నాడు." చాదర్‌తో మొహం తుడుచుకుంది. "నా నోటికి ఆ మాట రాలేదు. దాన్ని ఇంకో ఏడాది ఆ గదిలో పెట్టి తలుపు మూయలేక అహ్వాజ్ అనేశాను. ఇస్తిఖారాకి ఎదురు పోయాను. ఆయన వద్దనలేదు, నేను వద్దన్నాను."

"దానికి చెప్పెయ్యండి. ఇంకా టైముంది."

"చెబితే మళ్ళీ కూర్చుంటుంది. చూడలేను." గాజుని వేలితో ఇంకోసారి తోసింది. కదల్లేదు. "ఒక పగలూ ఒక రాత్రీ బస్సులో పోవాలి అది. ఏదైనా జరిగితే? అందుకే దేవుడితో చెప్పాను. పాపం చేసింది నేను, ఏదున్నా నాతో తేల్చుకో, పిల్ల జోలికి వెళ్ళకు అని."

ఒక పూట నమాజ్ తప్పితే రెండు రోజులు అన్నం ముట్టని మనిషి ఆవిడ. దేవుడితో బేరం పెట్టుకుని వచ్చి నా బల్ల దగ్గర కూర్చుంది. నా నోట్లోంచి వచ్చింది, "టీ తాగుతారా?" అని. వద్దంది. గాజు అక్కడే వదిలేసి వెళ్ళింది. నేను పట్టకారు తెచ్చి లాగబోయి ఆగిపోయాను. దేవుడికని ఇచ్చింది నేనెందుకు లాగాలి?

అప్పట్నుంచి నా పని సాగలేదు. గడియారం కేసి చూడటం, ఫోను చేతిలోకి తీసుకోవడం, పెట్టేయడం. పిల్లకి చెప్పాలా వద్దా? చెబితే తల్లి గుట్టు బయటపెట్టినట్టు. చెప్పకపోతే పిల్ల బతుకు గురించి పిల్లకి తెలియని మాట నా దగ్గర దాచుకున్నట్టు. ఈ గొడవ నా నెత్తికి చుట్టినందుకు ఎష్రత్ ఖానుమ్ మీద ఒళ్ళు మండింది.

మూడూ ముప్పై అయిదుకి ఫరంగీస్ కార్డు కోసం వచ్చింది. మొహం కడిగినట్టుంది. కళ్ళ కింద నలుపు అలాగే ఉన్నా, మనిషి తేటగా ఉంది.

"భోంచేశా మలీహె ఖానుమ్" అంది తనే, అడక్కుండా. "రెండు ప్లేట్లు తిన్నా. ఒక గంట నిద్ర కూడా పట్టింది. పగటిపూట పడుకుని ఎన్నాళ్ళయిందో."

కార్డు అందించాను. తీసుకోబోయిన చెయ్యి గాల్లో ఆగింది. డబ్బా కేసి చూస్తోంది.

"ఇది మా అమ్మ గాజు."

నేను కీబోర్డు సర్దాను.

"ఇది అమ్మ తీయదు. ఆపరేషన్ అప్పుడు నర్సు తీయమంటేనే ఏడ్చింది. ఇక్కడెందుకుంది?" నా మొహంలో ఏం చూసిందో, గొంతు మారింది. "మీకు తెలుసు. చెప్పండి."

చెప్పాను. తెలిసినంతా చెప్పాను, దాచలేదు, తీపి పూయలేదు. ఆవిడ ఏమనుకుని అడిగిందో, ఏమొచ్చిందో, దేవుడితో ఏమందో. చెబుతున్నంతసేపూ ఫరంగీస్ చెవులు ఎర్రబడుతున్నాయి.

"అంటే మళ్ళీ రాయమనే వచ్చింది!"

"అవును."

"నాతో అబద్ధం చెప్పింది. పదిమందిలో నించోబెట్టి. నేను ఇస్తిఖారాలు నమ్మను. అయినా ఓడిపోయినట్టు తల వంచి సరే అన్నాను, ఎందుకో తెలుసా? కనీసం అమ్మ నమ్మిందిగా అని!" బల్ల మీద చేత్తో కొట్టింది. బల్ల మీది అద్దం పగలలేదు, అదే గొప్ప. "తెరవండి. నా జాబితా తెరవండి."

మూడూ నలభై నాలుగు. ఆఖరి రోజు కదా, సైటు నత్తలా కదులుతోంది. మూడుసార్లు రాకుండా పోయి నాలుగోసారి వచ్చింది. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుని మౌస్ తనే తీసుకుంది. పదకొండో వరుస మీద నొక్కింది. తీసేసింది. ఖాయం చేసింది. ఫోను మోగి కొత్త రసీదు నంబరు వచ్చింది. మూడూ నలభై తొమ్మిది.

"అయిపోయింది" అంది. "ఇంకో ఏడాది. నా ఇష్టం."

"నీ ఇష్టమే" అన్నాను.

లేవలేదు. తెరమీద ఖాళీ అయిన వరుసని చూస్తూ కూర్చుంది. మొహంలో ఆ తేటదనం పోయింది, పొద్దున వచ్చినప్పటి మనిషే మళ్ళీ వచ్చి కూర్చుంది. చేతివేలు నోట్లోకి వెళ్ళింది.

"మీరైతే ఏం చేసేవాళ్ళు?"

సలహా ఇవ్వనని చెప్పాను కదా. ఇవ్వలేదు కూడా. జరిగింది చెప్పాను. "నేను నాలుగుసార్లు రాశాను. మూడోసారి దాకా ర్యాంకు ముందుకొస్తూనే ఉంది. నీలాగే వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాను. నాలుగోసారి మొదటిదాని కన్నా వెనక్కి పోయింది. అంతకుముందు ఏడాది చేతికొచ్చే సీటుని నేనే జాబితాలో రాయలేదు. అలాగని నీకూ అంతే అవుతుందని కాదు. రావచ్చు కూడా."

"మీ అమ్మ ఏమన్నారు అప్పుడు?"

"ఏమీ అనలేదు. ఏమైనా అంటే బాగుండేది."

మూడూ యాభై రెండు. బయట ఎవరో కుర్చీలు లోపలికి లాగుతున్నారు. కరెంటు పోకముందే షట్టర్లు దించుకోవడం మా వీధిలో అలవాటు.

"మధ్యాహ్నం నేను రెండు ప్లేట్లు తిన్నది ఇస్తిఖారా బాగుందని కాదు" అంది ఫరంగీస్, తెర కేసి చూస్తూనే. "అయిపోయిందని తిన్నాను. అహ్వాజ్‌లో హాస్టల్ గదులు ఎలా ఉంటాయో ఫోన్లో చూశాను. అక్కడి ఎండ తట్టుకోలేనేమో అనుకున్నాను. అది కూడా బాగానే అనిపించింది." నా వైపు తిరిగింది. "ఆవిడ దేవుడికి ఎదురు పోయిందా, నిజంగా? మా అమ్మ?"

"నాతో తేల్చుకో అందిట."

"పిచ్చిది" అంది. కళ్ళల్లోంచి నీళ్ళు జారి చున్నీ మీద పడ్డాయి, తుడుచుకోలేదు. "మూడేళ్ళు నన్ను ఆపలేదు. టీ పెట్టి ఇచ్చింది, దీపం కింద కూర్చుంటే పక్కన కూర్చుంది. ఇంతగా భయపడుతోందని నాకెప్పుడూ తెలియనివ్వలేదు. నేనొక్కదాన్నే రాస్తున్నాననుకున్నా."

నేను గడియారం కేసి చూశాను. చూసినట్టు తను చూసింది.

"ఎంత టైముంది?"

"ఆరు నిమిషాలు. నా యూపీఎస్ బ్యాటరీ చచ్చి ఏడాదయింది, దాన్ని నమ్ముకోకు."

మౌస్ అందుకుంది. పదకొండో వరుస తెరిచింది. అయిదంకెల కోడ్, నా నోటుబుక్కు చూడకుండా, నోటికొచ్చినట్టు కొట్టేసింది. పొద్దున వద్దు వద్దన్న పిల్లకి ఆ కోడ్ కంఠతా ఉందని అప్పుడు తెలిసింది నాకు. ఖాయం మీద నొక్కింది. తెర మీద చక్రం తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతోంది. ఇద్దరం దాన్నే చూస్తున్నాం. తిరుగుతూనే ఉంది.

కరెంటు పోయింది.

రెండు నిమిషాలు ముందే తీశారు. పదహారేళ్ళలో ఎప్పుడూ లేదు. ఫ్యాను నెమ్మదించి ఆగింది, యూపీఎస్ కుయ్యిమని అరిచి ఊరుకుంది. నల్లటి తెరలో మా ఇద్దరి మొహాలు కనబడుతున్నాయి. కరెంటు వాళ్ళని, సైటు వాళ్ళని, నన్ను నేను, అందర్నీ కలిపి ఒక తిట్టు తిట్టాను.

"వెళ్ళిందా?" అంది ఫరంగీస్. "మలీహె ఖానుమ్, వెళ్ళిందా?"

"తెలీదు. నీ ఫోను చూడు. టవరు పోకముందే ఫోనులోంచి తెరువు."

కంగారులో ఆ పిల్ల ఫోను జారి నేలమీద పడింది. వంగి తీస్తుండగా చేతిలోనే మోగింది. రసీదు నంబరు, కొత్తది. కింద చిన్న అక్షరాలతో, వరుసల సంఖ్య పదకొండు.

బల్ల మీద తల పెట్టేసింది. మోచేతులు కూడా పెట్టింది. నేనేమీ అనలేదు.

కాసేపటికి లేచి దానాల డబ్బా దగ్గరికి వెళ్ళింది. సగం బయటికి ఉన్న గాజుని వేలితో తడిమింది. నేను పట్టకారు అందించాను. "లాగెయ్. మీ అమ్మకి తీసుకెళ్ళి తొడుగు" అన్నాను.

"తొడిగితే నాకు తెలిసిపోయిందని తెలుస్తుంది. మళ్ళీ ఇస్తిఖారా తీయిస్తుంది, ఇంట్లో ఉన్నవన్నీ దానం చేసేస్తుంది." నవ్వబోయింది, రాలేదు. "నాకు తెలుసని ఆవిడకి చెప్పకండి. ఎప్పటికీ."

పట్టకారుతో గాజుని ఇంకాస్త నొక్కింది. రెండు బొటనవేళ్ళూ ఆనించి, పళ్ళు బిగించి, బలమంతా పెట్టి లోపలికి తోసింది. చీకటి కొట్లో అది డబ్బా అడుగున పడిన చప్పుడు వినబడింది. పట్టకారు నా చేతిలో పెట్టి, కార్డు తీసుకుని, అమ్మ ఎదురుచూస్తుంటుందని చెప్పి వెళ్ళిపోయింది.